తూము మీద జానెడు నీళ్లు

ఆదిలాబాద్‌లో ఒక శిక్షణ తరగతికి పోయాను. మారిపోతున్న వానలనూ ఎండలనూ ఊళ్లు ఎట్లా తట్టుకుంటున్నాయో ఆ ఊళ్ల పిల్లల చేతనే పరిశోధన చేయించాలన్నది అంశం. ఈ మధ్య ఇట్లాంటి వాటికి నన్ను బాగా పిలుస్తున్నారు. రిటైరయినవాడికి వేరే పనేముంటుందని వాళ్ల నమ్మకం, భోజనమైనా బాగుంటుందని నా నమ్మకం. మధ్యాహ్నం దాటాక, సగం మందికి కునుకు పట్టిన వేళ, తెర మీద ఒక ఫొటో పడింది. చెరువు కట్ట. ఎరుపూ తెలుపూ రంగులు వేసిన కొలత బద్ద పట్టుకుని నలుగురైదుగురు విద్యార్థులు. వాళ్లకు కాస్త ఎడంగా, మొహం అవతలికి తిప్పుకుని కూచున్న ఒక ముసలాయన. కింద "చెరువును పరిశీలిస్తున్న స్థానిక రైతు" అని రాశారు.

ఆయన రైతు కాదు. ఆయనకు గుంట భూమి కూడా లేదు. చెరువును పరిశీలించడమూ లేదు, ఫొటో తీస్తున్నారని మొహం తిప్పుకున్నాడు. ఆ ఫొటో తీసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

టీ వేళ బయటికొచ్చి మౌనికకు ఫోన్ చేశాను. ఫొటోలో కొలత బద్ద పట్టుకున్న అమ్మాయి, నా పాత విద్యార్థిని, ఆ ఊరి పిల్లే. ఫొటోలోని తాత ఎట్లా ఉన్నాడని అడిగాను. "తాత పోయిండు సారు. మొన్న వానకాలంల పోయిండు. మీకు చెప్దామనుకున్న, మీ నంబర్ మారిందన్నరు" అంది. నా నంబరు మారలేదు. చెప్పబుద్ధి కాలేదేమో, చెప్తే మాత్రం ఈ సారు ఏం చేస్తాడనుకుందేమో. తిరుగు బస్సు ఇచ్చోడలో ఆగితే అందరూ దిగారు, నేను దిగలేదు. ఆయన గురించి రాయాలనిపించింది. పేరు మాత్రం రాయను. మా రిపోర్టులో పేరు వేస్తామని చెప్పినప్పుడు, "నా పేరు జూసి వానొస్తదా సారు?" అని వద్దన్నాడు.

ఆయన ఆ ఊరి నీరటి. కరీంనగర్ వైపు పాత చెరువులున్న ఊళ్లలో నీరటి అంటే పెద్దవాళ్లందరికీ తెలుసు. తూము తెరవడం, మూయడం, కాలువ వెంట నడిచి మడి మడికీ నీళ్లు మళ్లించడం, ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం ఆయన పని. పంట కోశాక కల్లంలోనే వడ్లు కొలిచి ఇస్తారు. పెద్ద కాలువలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, చాలా చోట్ల నీరటి పని పోయింది. ఆ ఊరు మాత్రం పెద్ద కాలువకు చిట్టచివర ఉంది. ఆ నీళ్లు వచ్చిన ఏడు వస్తాయి, రాని ఏడు రావు. అందుకని అక్కడ చెరువూ మిగిలింది, నీరటీ మిగిలాడు.

ఏళ్ల తరబడి పార మోసి ఆయన కుడి భుజం కిందికి దిగిపోయింది. పార లేని రోజున కూడా ఉన్నట్టే నడిచేవాడు. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద కూచునేవాడు. చెరువులో అడుగు పెట్టేముందు, సీసాలో తెచ్చుకున్న నీళ్లతో కాళ్లు కడుక్కునేవాడు. దిగాక కడుక్కునేవాళ్లను చూశాం గానీ దిగకముందు కడుక్కునేవాణ్ని ఎవరం చూడలేదు. మా పిల్లలకు నవ్వాగలేదు.

"తాతా, బర్లు గూడ కడుక్కోనే దిగుతున్నయా?" అన్నారు.

"బర్రెకు తెల్వది బిడ్డా. నాకు ఎరికే గద" అన్నాడు, రెండో కాలు కడుగుతూ.

ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను ఆయన తలగుడ్డలో ఉండేది. ఆయనకు దాన్ని మాట్లాడటానికి తప్ప వాడటం రాదు. పిల్లలు కనపడగానే వాళ్ల ఫోన్లలో వాన ఎప్పుడుందో చూడమనేవాడు. రేపు మధ్యాహ్నం పడుతుందని వాళ్లు చెప్తే, "రేపొస్తనన్నదా? మంచిగ చెప్తది పాపం" అనేవాడు. రేపు వచ్చేది, వాన వచ్చేది కాదు. ఎల్లుండి మళ్లీ అదే ఆసక్తితో అడిగేవాడు. ఎక్కిరిస్తున్నాడో, నిజంగానే ఆశపడుతున్నాడో నాకు చివరిదాకా అంతుపట్టలేదు.

నీళ్ల కోసం రైతులు తగాదాకు వస్తే ఆయన మొహాలు చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. ఎవరి కాళ్లకు తడి మట్టి ఉందో, ఎవరివి పొడిగా ఉన్నాయో చూస్తే ఎవరి మడి పారిందో తెలిసిపోతుంది కదా. గొంతు పెంచినవాడి వంతు ఎప్పుడూ వెనక్కే పోయేది. "నీళ్లు అడిగినోనికి గాదు, ఆగినోనికి ఇయ్యాలె" అనేవాడు.

మేము ఆ ఊరికి పోయింది ఒక ప్రాజెక్టు పని మీద. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో భూగోళం చెప్పేవాణ్ని. ఊళ్లో చదువుకునే పిల్లలే తమ ఊరి వానలనూ నీళ్లనూ కొలిచి, వాతావరణం మారితే ఊరు ఎట్లా నిలబడుతున్నదో రాయాలి. మంచి పని. ఇప్పటికీ మంచి పనే అంటాను, ఓపిక ఉంటే. పైనుంచి ఒక ప్రశ్నల పత్రం కూడా వచ్చింది. అందులో ఒక ప్రశ్నను మౌనిక కట్ట మీద నిలబడి ఆయనకు చదివి వినిపించింది. "వాతావరణ మార్పులను తట్టుకొనుటకు మీరు అనుసరించుచున్న సంప్రదాయ పద్ధతులు ఏవి?"

ఆయన పూర్తిగా విన్నాడు. "పొద్దుగాల ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగాడు.

"ఏం తినలే తాతా. బస్సు పోతదని హాస్టల్ నుంచి ఉరికొచ్చిన."

"ఫస్టు తినిరా పో. పద్ధతులు యాడికి పోతయి."

మౌనిక ఆ గడిలో "ఏమీ లేవు" అని రాసింది. నేను కూడా దిద్దలేదు.

ఆయన దగ్గర ఒక తుమ్మ కర్ర ఉండేది. దాని మీద గాట్లు పెట్టుకున్నాడు. తూము రాతి మీద కర్ర నిలబెట్టి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి, తూము మీద ఇంకా ఎన్ని మూరల నీళ్లున్నాయో రైతులకు చెప్పేవాడు. తడి అన్నిటికంటే కింది గాటుకు దిగినరోజు, "ఇగ లేవు. తూముకు అందయి" అని మూసేసేవాడు. చెరువు మధ్యలో నీళ్లు కనపడుతూనే ఉండేవి. తూము నోటికి కిందున్న నీళ్లు బయటికి రావు కాబట్టి రైతులు తల ఊపి పోయేవాళ్లు. ప్రతి యాసంగి పంట చివర్న, ఎండాకాలంలో, ఇది మామూలే.

మౌనిక చురుకైన పిల్ల. మా కొలత బద్దకూ ఆయన కర్రకూ ఎప్పుడూ ఒకే తేడా వస్తున్నదని మూడు వారాల్లో పట్టేసింది. ఆయన కర్రకు మొదటి గాటు అడుగు నుంచి జానెడు పైన ఉంది. అంటే ఆయన "లేవు" అన్న రోజున తూము మీద ఇంకా జానెడు నీళ్లు ఉంటాయి. అడిగితే, "అడుగున బురదుంటది బిడ్డా" అన్నాడు. మేము కొలిచేది రాతి మీద, అక్కడ బురద లేదు. పాత కర్ర, ముసలి కన్ను, పొరపాటు పడుతున్నాడని తేల్చుకున్నాం. "పరిశోధన అంటే ఇదీ" అని క్లాసులో ఆ పిల్లను నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. జానెడంటే చేతిలో చూస్తే ఏమీ లేదు. చెరువంత వెడల్పున జానెడు నీళ్లంటే చాలా పొలం తడుస్తుంది.

కొలతలు ఊరందరికీ తెలియాలని పంచాయతీ గోడకు ఒక బోర్డు పెట్టాలనుకున్నాం. సెంటీమీటర్లు రాస్తే ఎవరికి అర్థమవుతాయి, మూరలూ జానలూ రాద్దామని మౌనికే చెప్పింది. ఆ మాట తెలిసి ఆయన కరీంనగర్‌కు వచ్చాడు. కాలేజీకి ఎన్నడూ రాని మనిషి, బస్సు దిగి దారి అడుగుతూ వచ్చి, వరండాలో నేల మీద కూచున్నాడు. చేతిసంచిలో నాకోసం అనపకాయలు తెచ్చాడు.

"సారు, గా బోర్డు రాసుడు జర ఆపరాదుండ్రి" అన్నాడు. "పిల్లలు కొల్వని. మీ బుక్కుల రాసుకోని. గోడ మీద ఎందుకు?"

నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. నీళ్లు ఊరివి, లెక్క ఊరికి తెలియాలి, దాపరికం ఉన్నచోట అనుమానం పుడుతుంది, ఇట్లా చాలా చెప్పాను. ఆయన అడ్డం రాలేదు. అంతా విని, "మీరన్నది తప్పు గాదు సారు" అని లేచాడు. మెట్లు దిగుతుంటే ఆ వంగిన భుజం చూశాను. ఎందుకు వద్దంటున్నావని ఒక్క మాట అడగలేదు. చెప్పడం అలవాటైన నోటికి అడగడం గుర్తుకు రాదు.

బోర్డు గోడకెక్కింది. ఆ యాసంగి చివర్న, ఎండలు ముదిరాక, ఆయన ఎప్పటిలాగే కర్ర చూసి తూము మూశాడు. ఆ రోజు మేమంతా అక్కడే ఉన్నాం. మౌనిక వాళ్ల బాపు కౌలు రైతు. ఆయన మడులు పిల్ల కాలువకు చివర్న ఉన్నాయి, ఇంకొక్క తడి పడితే పంట గట్టెక్కుతుంది. బోర్డు చూసుకునే వచ్చాడు.

"జానెడున్నయని బోర్డు మీద రాసున్నది కాకా. రాసింది నా బిడ్డ. నా బిడ్డ అబద్ధం రాయదు."

"రాయలే" అన్నాడు నీరటి.

"మరి ఇన్నేండ్ల సంది లేవు లేవనుకుంట ఎవల కోసం దాసినవు?"

కట్ట మీద నలుగురు పాత రైతులు ఉన్నారు. ఒకాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. మిగతావాళ్లు చెరువు వైపు తిరిగారు. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన కాస్త గర్వంగా ఉండింది. పిల్లలు కొలిచిన లెక్క రైతులకు పనికొస్తున్నదని సంబరపడ్డాను. ఆయన తూము తిప్పే ఇనుప రాడ్డును మౌనిక వాళ్ల బాపు చేతిలో పెట్టి, "ఇగ గిది మీకాడనే ఉండని" అని కట్ట దిగిపోయాడు. నీళ్లు వదిలారు. రెండు రోజులు పారాయి. చివరి మడిదాకా అందాయి, పంట బాగా వచ్చింది.

తరువాత మిరుగు కార్తె, అంటే మృగశిర, వచ్చింది, వాన రాలేదు. ఆరుద్ర కూడా సగం పొడిగానే పోయింది. అట్లాంటి ఏళ్లలో ఊరివాళ్లు యాసంగి తరువాత కూడా చెరువులో మిగిలే నీళ్లతో నారు పోసుకుంటారు. తూము ఎత్తితే నారుమళ్లకు చాలినన్ని వస్తాయి. పశువులు తాగుతాయి, కట్ట కింది బోర్లు బతుకుతాయి. ఆ ఏడు తూము ఎత్తితే గాలి వచ్చింది. మౌనిక వాళ్ల బాపు ఎవరి బోరునో బతిమాలుకుని నారు పోస్తే అది ఎండింది, మళ్లీ పోస్తే మళ్లీ ఎండింది. ఇంట్లో రెండు బర్లు అంగడికి పోయాయి. సగం పొలం బీడు పడింది.

మౌనిక కాలేజీకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "సారు, మనం తప్పు కొలిచినమా?" అంది. లేదన్నాను. "మరెందుకిట్లయింది?" అంది. ఇద్దరం కలిసి నీరటి ఇంటికి పోయాం. గుమ్మం ముందు తాడు పేనుతున్నాడు.

"తాతా, నాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

"చెప్తె నువ్వు రాస్తవు గద బిడ్డా. రాయకుంటె గీ సారు ఊకుంటడా?" అని నవ్వాడు. తరువాత తాడు పక్కన పెట్టి మెల్లగా చెప్పాడు. "నాకు మా బాపు చెప్పిండు, ఆయనకు వాళ్ల బాపు. జానెడు ఉండంగనే మూసెయ్యి, అడుగుతె లేవను అని. నడుమ మంచి వానలు పడ్డన్ని ఏండ్లు దీంతోని పనే పడలే. ఇప్పుడు ఏడేడు పని పడుతున్నది. మిరుగుకు వానొచ్చుడు బందయింది గద."

"ఊళ్ల ఎవలకూ తెల్వదా?"

"ముసలోళ్లందరికి ఎరికే. ఎరికున్నోళ్లు ఎరిక లేనట్టుంటరు. గట్లుంటెనే నీళ్లుంటయి."

నాకు అప్పుడు కూడా బుద్ధి రాలేదు. అయితే ఆ మాటే బోర్డు మీద రాద్దాం, ఈ జానెడూ నారు కోసం, ఎవరూ ముట్టొద్దని గ్రామసభలో తీర్మానం చేయిద్దాం అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఉన్నదని తెలిసినంక దూప ఆగదు సారు" అన్నాడు. దూపంటే దాహం. అయినా నేను గ్రామసభ పెట్టించాను. అందరూ చేతులెత్తారు, సంతకాలు పెట్టారు. పుస్తకం మూయకముందే ఒకాయన లేచి, ఈ ఒక్క యాసంగికి తన రెండు మడులకు మినహాయింపు కావాలన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన లేచాడు. నేను బ్యాగు సర్దుకున్నాను.

ఆ సభలోనే పాత రైతులు నీరటిని మళ్లీ పని చూడమన్నారు. మోకాళ్లు పోయాయని, కాలువ పని ఎవరైనా చూసుకోండని, తూము మీద నీళ్లు చెప్పడం మాత్రం మౌనికకు ఇవ్వమని అన్నాడు. ఆడపిల్ల నీరటేమిటని కొందరు గొణిగారు. ఆమె కొలత ఎంత ఖచ్చితమో మొన్న యాసంగిలో చూశారు కాబట్టి గట్టిగా ఎవరూ కాదనలేదు. ఏం చెప్పాలో ఆయన ఆమెకు నేర్పలేదు. నేను పక్కనే ఉన్నాను కనుక తెలుసు. "నీ కండ్లతోని చూడు, నీ నోటితోని చెప్పు" అన్నాడు. పంచాయతీ గోడ మీది పాత బోర్డును మాత్రం వానకు, ఎండకు అట్లాగే వదిలేయమన్నాడు, దాన్ని కొత్తగా ఎవరూ రాయలేదు.

మరుసటి యాసంగి చివర్న నేను పొద్దున్నే ఆ ఊరికి పోయాను. ఎవరూ రాకముందే తూము దగ్గరికి దిగి బద్ద పెట్టి చూసుకున్నాను. సరిగ్గా జానెడు ఉంది. పైకి వచ్చి కట్ట మీద కూచున్నాను. కాసేపటికి ఆయన వచ్చి నా పక్కన కూచున్నాడు. తరువాత మౌనిక, వాళ్ల బాపు, ఇంకా పదిమంది రైతులు వస్తూ కనపడ్డారు. వాళ్లు తూము దగ్గరికి చేరకముందే ఆయన లేచి ఇంటివైపు నడవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నోటి మీద తన చూపు పడకూడదనుకున్నాడని నాకు తరువాత అర్థమైంది.

మౌనిక దిగింది. బద్ద పెట్టింది. చాలాసేపు చూసింది.

"లేవు బాపు" అంది. "తూముకు అందయి ఇగ."

"మల్లొక్కసారి చూడు బిడ్డా. మన చివరి మడి పాలు పోసుకుంటున్నది."

"చూసిన బాపు. లేవు."

వాళ్ల బాపు బిడ్డ మొహం చూశాడు, తూము చూశాడు, తరువాత నా వైపు తిరిగాడు. "సారు, మీరొకసారి చెప్పుండ్రి" అన్నాడు.

మౌనిక తల ఎత్తలేదు. చూసింది చూసినట్టు రాయమని ఆమెకు చెప్పింది నేను. బతుకంతా పిల్లలకు అదే చెప్పినవాణ్ని. "లేవు" అన్నాను. వాళ్ల బాపు నమ్మాడో, నమ్మినట్టు ఉండిపోయాడో నాకు తెలియదు. భుజాన ఉన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని కట్ట దిగిపోయాడు. ఆ రోజు రిజిస్టరులో మౌనిక "లేవు" అని రాసి నా ముందు పెడితే, చదివి, కింద సంతకం చేశాను.

ఆ తరువాత నేను ఆ ఊరికి ఎక్కువగా పోలేదు. ప్రాజెక్టు అయిపోయింది, రిపోర్టు వెళ్లాల్సిన చోటికి వెళ్లింది, నేను రిటైరయ్యాను. నీరటిని చూసి రావాలని చాలాసార్లు అనుకున్నాను. క్షమించమని అడగాలని కూడా అనుకున్నాను. అడిగితే తిన్నావా అని అడుగుతాడు, అంతకంటే ఏమీ అనడు, అది తట్టుకోవడం కష్టమని వాయిదా వేశాను. ఇప్పుడు ఆ బాధ కూడా లేదు.

ఆ యాసంగిలో మౌనిక వాళ్ల చివరి మడి గింజ పట్టక తాలు పోయింది. మిరుగులో వాన రాలేదు, తూము ఎత్తితే మాత్రం నీళ్లు వచ్చాయి. ఊళ్లో అందరికంటే ముందు నారు పోసింది వాళ్ల బాపే.